నీలం డబ్బా 'ఒరిజినల్' టెంపరేచర్ సెన్సార్లు కొనకండి, నా గుడ్లన్నీ పోయాయి

నిన్న రాత్రి ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగే మిషన్) కడిగాను. 240 గుడ్లు పెడితే బతికి బయటికొచ్చిన పిల్లలు 31. అందులో ఈ పొద్దుటికి 9 చచ్చిపోయాయి, బొడ్డు సరిగ్గా మూసుకోకుండా పుట్టినవి, కాళ్లమీద నిలబడలేనివి. ఇంకా కోపం తగ్గలేదు, వరస తప్పి రాస్తే ఏమనుకోకండి, కానీ ఇంకొకళ్లు కొనకముందే ఇది చెప్పాలి.

ఏ షాపో చెబుతాను. షాపింగ్ యాప్‌లో టెంపరేచర్ సెన్సార్ అని కొట్టగానే మొదట కనిపించేది, నీలం డబ్బా మీద 'ఒరిజినల్, క్యాలిబ్రేటెడ్' (అంటే కొలత సరిచూసి సర్దినది) అని స్టిక్కర్ ఉంటుంది. డీఎస్18బీ20 అనే వేడి కొలిచే చిప్‌ని స్టీల్ గొట్టంలో పెట్టి వైరు తీసిన ప్రోబ్‌లు. నాలుగు కొన్నాను, ఒక్కోటి 450, ల్యాప్‌టాప్‌కి తగిలించే యూఎస్‌బీ బోర్డు 650, మొత్తం 2,450. బయట ఇంతకంటే చాలా తక్కువకి దొరుకుతాయని మా తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. గుడ్ల దగ్గర కక్కుర్తి పడకూడదని నేనే ఎక్కువ పెట్టి వీటిని తెప్పించాను.

బిగించడం కష్టం కాలేదు. ఎరుపు కరెంటుకి, నలుపు గ్రౌండుకి, పసుపు డేటాకి. మొదటి రోజు స్క్రీన్ మీద మైనస్ 127 అని వచ్చింది, అర్ధరాత్రి ఒకసారి ఉన్నట్టుండి 85 డిగ్రీలు చూపించింది, నిద్రమంచం మీద నుంచి లేచి షెడ్డులోకి పరిగెత్తాను. మెసేజ్ పెడితే ఆ షాపతను పొద్దున్నే ఫోన్ చేశాడు. "అక్కా, టెన్షన్ పడకండి, మైనస్ 127 అంటే సెన్సార్ నుంచి జవాబు రాలేదని, 85 అంటే కరెంటు అందాక ఇంకా కొలవకముందు అందులో ఉండే అంకె" అన్నాడు. పసుపు వైరుకీ ఎరుపు వైరుకీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టమన్నాడు. పెట్టగానే సర్దుకుంది. అన్నీ నిజాలే చెప్పాడు, అందుకే తర్వాత చెప్పిందీ నమ్మాను.

మిషన్ డిస్‌ప్లే 37.6 చూపిస్తోంది. ల్యాప్‌టాప్‌లో నాలుగు ప్రోబ్‌లూ 36.06, 36.12, 36.19, 36.25. ఒకటిన్నర డిగ్రీ తేడా. అడిగితే, "మీ మిషన్‌లో ఉన్నది పాత సెన్సార్ అక్కా, మాది క్యాలిబ్రేట్ చేసినది, దీన్ని చూసి మిషన్ సెట్ చేసుకోండి" అన్నాడు. నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి, పైగా చుక్క తర్వాత రెండంకెలు. ల్యాప్‌టాప్‌లో 37.6 వచ్చేదాకా మిషన్‌ని 39.1కి పెంచాను. మూడేళ్లుగా అదే మిషన్‌లో 37.6 మీద వంద గుడ్లకి 75 పిల్లలకి తగ్గకుండా వచ్చేవి. చేతిలో ఉన్న మూడేళ్ల అనుభవాన్ని పక్కన పెట్టి, వచ్చి రెండు రోజులైన వస్తువు మాట విన్నాను. ఈ తప్పు నాదే, ఎవరి మీదికీ తోయను.

ఏడో రోజు టార్చి పెట్టి చూస్తే సగానికి పైగా గుడ్లలో రక్తం ఉంగరంలా కనిపించింది, అంటే పిండం మొదలై చచ్చిపోయిందని. గుడ్లే మంచివి కావేమో అనుకున్నాను. వాటిలో 60 జాతి కోళ్ల గుడ్లు, ఒక్కోటి వంద పెట్టి కొన్నవి. 19వ రోజే లోపల కీచుకీచుమన్నాయి. 21 రోజులకి రావాల్సిన పిల్లలు రెండ్రోజులు ముందే వస్తున్నాయంటే వేడి ఎక్కువైందని అప్పుడు తట్టింది. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌నీ ప్రోబ్‌లనీ కలిపి రబ్బరు బ్యాండు వేసి గోరువెచ్చని నీళ్లలో ముంచాను. థర్మామీటర్ 38 అంటే ప్రోబ్‌లు 36 మీద కొంచెం. ఐసు ముక్కలు దంచి నీళ్లు పోసి పెట్టాను, సున్నా చూపించాల్సింది మైనస్ ఒకటిన్నర చూపించాయి. అవే గుడ్లలోంచి 11 మొదట్లోనే పక్కకి తీసి గంప కింద పెట్ట దగ్గర పొదగేశాను, అక్కడ 9 పిల్లలొచ్చాయి. ఇక గుడ్ల తప్పనడానికి లేదు.

ఐసు వీడియో తీసి అతనికి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు నేనే ఫోన్ చేశాను. ఈసారి అక్కా లేదు. "మేడమ్, వంద రూపాయల సెన్సార్‌ని నమ్మి అన్ని గుడ్లు ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు.

వంద రూపాయలు! 450 తీసుకున్న మనిషి, క్యాలిబ్రేటెడ్ అని స్టిక్కర్ అంటించిన మనిషి, దీన్ని చూసి మిషన్ సెట్ చేసుకోమని సొంత నోటితో చెప్పిన మనిషి, తను అమ్మింది వంద రూపాయల సరుకని తనే ఒప్పుకున్నాడు. మరి ఒరిజినల్ అని ఎందుకు రాశారంటే, "అందరూ అలాగే రాస్తారు. కోళ్లు పెంచుకునేవాళ్లకి కంప్యూటర్ సెన్సార్లెందుకు మేడమ్?" అని పెట్టేశాడు. తర్వాత నంబర్ బ్లాక్. డబ్బు పోయిందానికంటే ఆ మాట నన్ను ఎక్కువ కోసింది. 14 ఏళ్లుగా ఈ కోళ్లతోనే ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను.

యాప్ వాళ్లు రిటర్న్ గడువు 7 రోజులే, అయిపోయిందన్నారు. గుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది, ఏడో రోజుకి నాకేం తెలుస్తుంది?

తర్వాత తమ్ముడు కూర్చుని చూశాడు. అసలు చిప్‌కి కంపెనీ ఇచ్చే హామీయే మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అటూ ఇటూ అర డిగ్రీ. చుక్క తర్వాత కనిపించే అంకెలు అది డిగ్రీని పదహారు భాగాలుగా విడగొట్టి చెప్పగలదని మాత్రమే, అంత కరెక్టుగా కొలుస్తుందని కాదు. మార్కెట్లో నకిలీలు చాలా తిరుగుతున్నాయి, గొట్టంలో వేసి మూసేస్తే పైనుంచి ఎవరికీ తెలియదు. అసలువాటి ఐడీలో, అంటే ప్రతి చిప్ లోపల ఉండే నంబర్‌లో, నాలుగు సున్నాలు వరసగా ఉంటాయి, నావి నాలుగింటిలో ఒక్కదానికీ లేవు. ఆ సున్నాలున్నంత మాత్రాన అసలుదని కూడా అనుకోకండి.

కొన్నవాళ్లు సరుకు రాగానే ఐసు నీళ్లలోనూ, జ్వరం థర్మామీటర్ పక్కనా పెట్టి చూడండి, రిటర్న్ గడువు లోపే. తేడా వస్తే వీడియో తీసి అదే రోజు వెనక్కి పంపండి. మిషన్ సెట్టింగ్ మాత్రం కొత్త సెన్సార్‌ని చూసి ముట్టుకోకండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను, బిల్లు, స్టిక్కర్ ఫొటో, వీడియో అన్నీ దాచాను. నీలం డబ్బా సెన్సార్లు మీ దగ్గర ఉంటే ఐసు నీళ్లలో ఎంత చూపించాయో కింద రాయండి, వాటినీ నా కంప్లైంట్‌కి జత చేస్తాను.