కూలిన చెట్టుతో గిన్నె: పచ్చిగా ఉండగానే చెక్కడం మేలా, ఆరాకా?

గాలికి కూలిన చెట్టో, దారికి అడ్డమని కొట్టేసినదో దొరికితే చాలు, మా ఇద్దరికీ వాదన మొదలు. పచ్చి చెక్కనే లేత్ (చెక్కను గిరగిరా తిప్పే యంత్రం) ఎక్కించి ఒకేసారి పూర్తి చేసేద్దామంటుంది మా ఆవిడ. నేనేమో రెండు విడతలంటాను: ఇప్పుడు మందంగా చెక్కి పక్కన పెట్టి, ఆరాక మళ్లీ తిప్పి నునుపు చేయడం. మొద్దును అలాగే ఆరనిద్దాం అనే మూడో దారి దండగ. నట్టనడుమ నుంచి బెరడు దాకా బీటలిస్తుంది. ఏ పద్ధతైనా ముందు మొద్దును నిలువునా చీల్చి నడిమి భాగం తీసేయాల్సిందే. (నీలినలుపు మరక కనిపిస్తే ఆగండి, లోపల పాత మేకు ఉండొచ్చు.)

పని సుఖం చూస్తే పచ్చిదే. ఉలి ఆనించగానే పొట్టు పొడవాటి రిబ్బన్లుగా లేస్తుంది, ముఖం మీద నీటి తుంపర పడుతుంది, దుమ్ము దాదాపు ఉండదు. ఎండు చెక్కకు ఉలి త్వరగా మొద్దుబారుతుంది, మాస్కు తప్పదు. బూజు పట్టి నల్లగీతలు తేలిన చెక్కయితే మరీను.

చిక్కంతా ఆకారంతోనే. తేమ సుమారు 30 శాతం కంటే దిగాక చెక్క ముడుచుకుంటుంది. నార పొడవునా తగ్గేది నామమాత్రం. అడ్డంగా మాత్రం బాగా తగ్గుతుంది, అదీ నడుమ నుంచి బెరడు వైపు తగ్గేదానికి వలయాల వెంట ఇంచుమించు రెట్టింపు. అందుకే గుండ్రటి గిన్నె కోలగా మారుతుంది. గోడ అంతటా సన్నగా, ఒకే మందంలో ఉంటే వంగి ఊరుకుంటుంది. అడుగు మందంగా వదిలేశారో, అక్కడే పగులు.

రెండు విడతల్లో గోడను వ్యాసంలో పదో వంతు మందం ఉంచుతాం, 30 సెం.మీ. గిన్నెకు 3 సెం.మీ. అన్నమాట. వంకరపోయినా మళ్లీ గుండ్రంగా చెక్కేంత మందం మిగులుతుంది. నార చివర్లు తేలిన చోట మైనం పూసి, కాగితం సంచిలో పెట్టి, నెలల తరబడి అప్పుడప్పుడు తూకం వేయాలి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు. ఈలోపు అరలన్నీ సగం గిన్నెలే, వాటిలోనూ కొన్ని పగలక మానవు.

మూత బిగుతుగా కూర్చోవాలంటే నా పద్ధతి తప్ప గతి లేదు. అలంకారానికైతే మాత్రం, ఒప్పుకోవడం కష్టమే గానీ, మా ఆవిడదే రైటు. ఆ వంపు ఉలితో తెద్దామన్నా రాదు. కాకపోతే అడుగు కూడా వంగుతుంది. పూర్తిగా ఆరాక గరుకు కాగితం మీద రుద్ది, బల్ల మీద ఊగకుండా చూసుకుని, అప్పుడు నూనె పట్టించండి.