450 సైజు ఫ్లైబార్‌లెస్ రోటర్ హెడ్: చాన్నాళ్లు విప్పుతూ బిగిస్తూ వాడాక నా రివ్యూ

రిమోట్‌తో ఎగరేసే మోడల్ హెలికాప్టర్‌లో పైన బ్లేడ్లని పట్టుకుని తిరిగే భాగమే ఈ రోటర్ హెడ్. ముందే చెప్పేస్తున్నా, ఇది అలైన్ కంపెనీ వాళ్ల టీ-రెక్స్ 450 మోడల్ డిజైన్ చూసి చేసిన ఒక క్లోన్ కిట్‌లో వచ్చిన మెటల్ హెడ్, ఒరిజినల్ కాదు. ఫ్లైబార్‌లెస్ అంటే పైన అడ్డంగా ఉండే ఆ కడ్డీ, దాని చివర్లో చిన్న పాడిల్స్ ఏవీ ఉండవు, హెలీని నిలకడగా ఉంచే ఆ పనంతా ఎలక్ట్రానిక్ జైరో యూనిట్ చూసుకుంటుంది. ఫాలోవర్ ఆర్మ్ లేని డీఎఫ్‌సీ టైపు కూడా కాదు, స్వాష్‌ప్లేట్ (స్టిక్ కదలికని బ్లేడ్లకి చేర్చే పళ్లెం) పైభాగాన్ని తిప్పడానికి విడిగా ఫాలోవర్ ఆర్మ్ ఉండే పాత టైపు. దీని మీద 325 మిల్లీమీటర్ల కార్బన్ బ్లేడ్లు, 3ఎస్ (మూడు సెల్స్) 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, మైక్రోబీస్ట్ అనే జైరో యూనిట్ పెట్టి వాడుతున్నా. హైదరాబాద్ ఎండ, దుమ్ము, ఒకట్రెండు గట్టి క్రాష్‌లు అన్నీ చూసేసిన హెడ్ ఇది.

నా మాటేంటంటే అల్యూమినియం పార్టులు బానే కోశారు, బేరింగులు మాత్రం నాసిరకం, ఫ్యాక్టరీలో బిగించి పంపినదాన్ని బిగించనట్టే లెక్కేసుకోండి. డబ్బా తెరవగానే హెడ్ మొత్తం రెడీగా, మెరుస్తూ కనిపిస్తుంది కదా, చాలామంది తీసి మెయిన్ షాఫ్ట్ మీద పెట్టేసి ఎగరేసేస్తారు. అలా చెయ్యొద్దు. ఎందుకో చిన్న లెక్క చెప్తా. బ్లేడ్ ఒక్కోటి 28 గ్రాములు అనుకోండి, హెడ్ 2600 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే ఒక్కో బ్లేడ్ బయటికి లాగే బలం 40 కిలోల పైనే ఉంటుంది, అంటే సిమెంటు బస్తాకి కాస్త తక్కువ, అది రెండువైపులా, రెండు బ్లేడ్లనీ కలిపే ఒక సన్నటి ఫెదరింగ్ షాఫ్ట్‌నీ దాని చివర రెండు చిన్న బోల్టుల్నీ పట్టుకుని వేలాడుతున్నట్టు. బ్లేడ్ కొస వేగం గంటకి 340 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2013 సెప్టెంబర్‌లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక పార్కులో 19 ఏళ్ల కుర్రాడు తన సొంత మోడల్ హెలికాప్టర్ తగిలి చనిపోయాడు. అది 700 సైజు, మనది 450, అయినా బొమ్మ అనుకునే రకం కాదిది.

సరే, హెడ్ విప్పుదాం. రెండు చేతుల్లో రెండు హెక్స్ డ్రైవర్లు పట్టుకుని ఫెదరింగ్ షాఫ్ట్ రెండు చివర్ల బోల్టులు ఒకేసారి తిప్పితే ఏదో ఒకవైపు వదులుతుంది. డ్రైవర్లు మాత్రం మంచివి కొనండి, 1.5 మిల్లీమీటర్లది, 2 మిల్లీమీటర్లది, ఈ రెండే ఎక్కువ వాడతాం, కిట్‌లో వచ్చే ఎల్-కీలు బోల్టు తలని గుండ్రంగా అరగదీసేసి చేతిలో పెడతాయి, ఆ తర్వాత దాన్ని తియ్యడం నరకం.

లోపల అసలు విషయం థ్రస్ట్ బేరింగ్. మామూలు బేరింగులు పక్కనుంచి వచ్చే లోడ్ చూసుకుంటాయి, బ్లేడ్ బయటికి లాగే ఆ 40 కిలోలు మొయ్యాల్సింది మాత్రం ఇదే. మూడు ముక్కలు, రెండు వాషర్లు, మధ్యలో బాల్స్ ఉన్న కేజ్. వాషర్లు రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ కాదు, ఒకదాని రంధ్రం వెంట్రుకవాసి పెద్దది. కంటికి తెలీదు, షాఫ్ట్‌లోకి ఎక్కించి చూస్తే ఒకటి బిగుతుగా కూర్చుంటుంది, ఇంకోటి కాస్త వదులుగా ఊగుతుంది. వదులుగా ఉన్నది లోపలికి, హబ్ (హెడ్ మధ్య దిమ్మ) వైపు రావాలి, బిగుతుగా ఉన్నది బయటికి, బోల్టు వైపు రావాలి. ఎందుకంటే బయటి వాషర్ షాఫ్ట్‌తోనూ బోల్టుతోనూ కలిసి ఉండాలి, లోపలి వాషర్ గ్రిప్‌తో (బ్లేడ్‌ని పట్టుకునే భాగం) పాటు తిరగాలి, షాఫ్ట్‌ని తాకకూడదు. తిరగేసి పెడితే చేతిలో తిప్పి చూసినప్పుడు అంతా స్మూత్‌గానే ఉంటుంది, అదే దరిద్రం, హెడ్ స్పీడ్ అందుకున్నాక లోడ్ పడితే గ్రిప్ బిర్రబిగుసుకుంటుంది, సర్వోలు (హెడ్‌ని కదిపే చిన్న మోటార్లు) మూలుగుతాయి, బేరింగ్ పాడైపోతుంది. నాకొచ్చిన హెడ్‌లో ఒకవైపు సరిగ్గా ఉంది, రెండోవైపు తిరగబడి ఉంది! గ్రీజు అయితే రెండువైపులా లేదు. బోల్టుల్లో ఒకదానికి లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) ఆనవాలే లేదు.

లాక్‌టైట్ గురించి చెప్పాలంటే నీలం రంగుది, 243 సరిపోతుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోల్టునీ షాఫ్ట్ లోపలి మరలనీ నూనె జిడ్డు లేకుండా తుడవాలి, జిడ్డు మీద లాక్‌టైట్ సరిగ్గా పట్టదు. సూదిమొన మీద నిలిచేంత చాలు. ఎక్కువేస్తే కారి థ్రస్ట్ బేరింగ్‌లోకి దిగి దాన్ని అతికించేస్తుంది, అందుకే బోల్టు మీద కాకుండా షాఫ్ట్ మరల లోపల రాస్తే నయం. మెటల్‌లోకి మెటల్ వెళ్లే చోటే వాడాలి, ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూలకి అస్సలు వద్దు, ప్లాస్టిక్ పగిలిపోతుంది. బిగించాక ఒక రోజు ఆగండి. మళ్లీ విప్పాలంటే సోల్డరింగ్ ఐరన్ మొన బోల్టు తల మీద కాసేపు పెడితే వేడికి వదులుతుంది.

డాంపర్ల దగ్గర నాకు పెద్ద కంప్లైంట్ లేదు. హబ్ లోపల షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగులు ఇవి, కిట్‌లో మెత్తవి, గట్టివి రెండు రకాలు ఇచ్చారు. మెత్తవి వేస్తే హోవర్‌లో హాయిగా ఉంటుంది కానీ స్టిక్ గట్టిగా లాగితే డిస్క్ (తిరిగే బ్లేడ్ల చక్రం) ఎక్కువ వంగి బ్లేడ్ టెయిల్ బూమ్‌ని కొట్టే ప్రమాదం ఉంది, పైగా ఫ్లైబార్‌లెస్ జైరోకి కూడా గట్టి డాంపర్లే నచ్చుతాయి. ఎక్కించేటప్పుడు సిలికాన్ గ్రీజు రాయండి, బండికి వాడే గ్రీజు కొన్నిరకాల రబ్బరుని ఉబ్బిస్తుంది.

లింకుల (కదలికని సర్వోల నుంచి బ్లేడ్ల దాకా చేర్చే కడ్డీలు) పని బోరు కొడుతుంది కానీ చెయ్యాలి. బాల్ లింకులకి ఒకవైపు అక్షరం ఉంటుంది, ఆ వైపు బయటికి ఉండాలి, తిరగేసి నొక్కితే బిగుసుకుంటుంది. కొత్తవి ఎలాగూ బిగుతే, బాల్ లింక్ రీమర్‌తో కొంచెం సరిచేస్తే లింక్ బాల్ మీద ఉండగానే తన బరువుకే అలా వాలిపోవాలి. ఆ తర్వాత సర్వో ఆర్ములు తొంభై డిగ్రీల్లో, స్వాష్‌ప్లేట్ లెవల్‌గా, స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు బ్లేడ్ పిచ్ (వాలు కోణం) సున్నా. డిజిటల్ పిచ్ గేజ్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. మైక్రోబీస్ట్‌లో సైక్లిక్ (హెలీని ముందుకీ పక్కకీ వంచే పిచ్) 6 డిగ్రీలు పెట్టే స్టెప్ ఒకటి ఉంటుంది, అక్కడ ఎల్‌ఈడీ నీలం వెలగాలి, ఈ హెడ్‌తో మొదట వెలగలేదు, సర్వో హార్న్ మీద బాల్‌ని ఒక రంధ్రం లోపలికి జరిపితే వెలిగింది. అంటే ఒరిజినల్ కొలతలకీ దీనికీ ఎక్కడో కొంచెం తేడా ఉందన్నమాట, మాన్యువల్లో అదేం రాయలేదు.

ట్రాకింగ్‌కి, అంటే రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి, ఒక బ్లేడ్ కొసకి ఎర్ర టేపు, ఇంకోదానికి నల్ల టేపు వేసి దూరంగా నిలబడి డిస్క్‌ని పక్కనుంచి చూడాలి, దూరంగా అని ఊరికే అనట్లేదు. రెండు గీతలు కనిపిస్తే కిందున్న బ్లేడ్ లింక్ ఒక చుట్టు మార్చి మళ్లీ చూడండి. బ్లేడ్ బోల్టులు మరీ బిగించొద్దు, హెలీని పక్కకి వంచితే బ్లేడ్లు తమంతట తాము జారకూడదు, చిన్న కుదుపు ఇస్తే మాత్రం కదలాలి.

ఇక వాడాక ఏమైందంటే, హబ్‌కి ఏమీ కాలేదు, గ్రిప్‌లు కూడా నిలబడ్డాయి. ముందు పోయినవి గ్రిప్‌లో మామూలు బేరింగులు, మన గ్రౌండ్ల దుమ్ముకి కొన్నాళ్లకే వేలితో తిప్పితే గరగరమన్నాయి. జపాన్ బేరింగులు వేశాక ఆ గొడవ పోయింది, మొదటిరోజే వేసెయ్యమంటాను. ఫాలోవర్ ఆర్మ్ పిన్ కొంచెం వదులై ఊగుతోంది, ఎగరడంలో తేడా తెలియట్లేదు. క్రాష్ అయితే ఫెదరింగ్ షాఫ్ట్ వంగకుండా ఉండటం అరుదు, అద్దం మీద పెట్టి దొర్లించండి, కింద వెలుతురు కనిపించిందంటే పారెయ్యండి, సరి చేద్దామని సుత్తి పట్టుకోకండి, వంకర షాఫ్ట్ వైబ్రేషన్ జైరోని పిచ్చిదాన్ని చేస్తుంది. 5 మిల్లీమీటర్ల మెయిన్ షాఫ్ట్ కూడా అలాగే చూడండి. డీఎఫ్‌సీ టైపు లుక్ బావుంటుంది నిజమే, కానీ అందులో లింకే ఫాలోవర్ పని కూడా చెయ్యాలి, ఆ లింక్ పుటుక్కుమంటే స్వాష్‌ప్లేటూ పోతుంది, అందుకే నాకు ఈ పాతదే నచ్చింది.

ఎగరేసే చోటు గురించి ఒక్కమాట, హకీంపేట, దుండిగల్, బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాలు, ఎయిర్‌ఫోర్స్ స్థావరాల చుట్టుపక్కల ప్రయత్నించకండి, డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్ చూసుకుని వెళ్లండి.

మొదటి హెలీకే ఈ కిట్ కొందామా అని అడిగేవాళ్లకి, ముందు సిమ్యులేటర్‌లో ముక్కు మీవైపు పెట్టి హోవర్ చెయ్యడం వచ్చాక చూడండి. కొనేటప్పుడు ఫెదరింగ్ షాఫ్ట్‌లు రెండు, థ్రస్ట్ బేరింగులు ఒక జత, డాంపర్లు ఒక సెట్ కూడా అదే ఆర్డర్‌లో పెట్టెయ్యండి. నేనైతే తర్వాతి సర్వీసింగ్‌లో గ్రిప్‌లు మాత్రం ఒరిజినల్‌వి వేస్తా, హబ్ ఇదే ఉంచుతా.