సుంకమా, కోటానా, సబ్సిడీనా: ఏది మేలు?

విదేశీ పోటీ నుంచి సొంత పరిశ్రమను కాపాడాలని ఒక ప్రభుత్వం నిశ్చయించుకుందనుకుందాం. అది సరైన నిర్ణయమా కాదా అన్న చర్చ ఎప్పుడూ ఉండేదే. దాని తర్వాత వచ్చే ప్రశ్నను మాత్రం చాలామంది పట్టించుకోరు. ఎలా కాపాడితే జనానికి నష్టం తక్కువ?

17, 18 శతాబ్దాల వాణిజ్యవాదులకు ఇది పెద్ద ప్రశ్న కాదు. ఎగుమతులు పెరగాలి, దిగుమతులు తగ్గాలి, బంగారం, వెండి దేశంలోకి రావాలి. అందుకోసం నిషేధాలకూ వెనకాడలేదు. ఉన్ని, పట్టు నేతగాళ్ల ఒత్తిడితో ఇంగ్లండ్ 1721లో చాలా రకాల అద్దకం నూలు బట్టలను ఒంటి మీద వేసుకోవడమే నేరం చేసింది.

దిగుమతి సుంకం అంత మొరటుది కాదు. సరుకు ధర పెరుగుతుంది, కొనేవాడి మీద భారం పడుతుంది, కానీ అందులో కొంతైనా ఖజానాకు చేరుతుంది. కోటాలో, అంటే ఇంత సరుకే రావాలని పరిమితి పెట్టే పద్ధతిలో, ఆ కొంత కూడా ఉండదు. అమెరికా కార్ల కంపెనీలు కష్టాల్లో ఉన్నప్పుడు, 1981లో జపాన్ తన ఎగుమతులను ఏడాదికి 16.8 లక్షల కార్లకు 'స్వచ్ఛందంగా' పరిమితం చేసుకుంది. కార్లు తక్కువ, గిరాకీ ఎక్కువ కాబట్టి ధరలు పెరిగాయి. ఆ అదనపు డబ్బులో పెద్ద వాటా వెళ్లింది జపాన్ కంపెనీలకే! పైగా లెక్క కార్ల సంఖ్య మీదే కాబట్టి, అవి లాభం ఎక్కువొచ్చే పెద్ద, ఖరీదైన మోడళ్ల వైపు మళ్లాయి. ఎవరి నుంచి రక్షణ కోరారో వాళ్ల జేబులే నింపిన ఈ పద్ధతిని నేను అన్నిటికన్నా అధ్వానమైనదిగా లెక్కేస్తాను. ఇలాంటి ఒప్పందాలను 1995 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు నిషేధించాయి. చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని అది.

ఇక సబ్సిడీ. అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్‌ను సుంకాల పితామహుడిగా చెప్పుకుంటారు గానీ, 1791లో కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో ఆయన ఎక్కువగా మెచ్చుకున్నది ప్రోత్సాహక చెల్లింపులను. సుంకంలా అవి వెంటనే సరుకు ధర పెంచవు, కొరత తేవు అన్నది ఆయన వాదన. కాంగ్రెస్ మాత్రం సుంకాలు పెంచి, చెల్లింపులను పక్కన పెట్టింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. సబ్సిడీకి బడ్జెట్‌లో డబ్బు చూపించాలి, ఎవరికి ఎంత ఇస్తున్నారో ఏటా జవాబు చెప్పాలి. సుంకం ఖర్చు ధరలో కలిసిపోతుంది, కొనేవాడికి విడిగా కనిపించదు.

నాకు సబ్సిడీ నచ్చేది సరిగ్గా ఇందుకే. షరతు పెట్టడం కూడా ఇందులోనే సులువు. 1960, 70లలో దక్షిణ కొరియా ప్రభుత్వం చవక రుణాలను ఎగుమతులతో ముడిపెట్టింది. బయటి మార్కెట్‌లో అమ్మలేని కంపెనీకి అడ్డుగోడల వెనక హాయిగా కూర్చునే వీలు తగ్గింది. అయితే ఆ దేశం సుంకాలు, దిగుమతి ఆంక్షలు కూడా గట్టిగానే వాడింది. సబ్సిడీ ఒక్కటే గెలిపించిందని అనలేం.

పన్నులు వసూలు చేసే యంత్రాంగం లేని పేద దేశానికి సబ్సిడీ డబ్బు ఎక్కడిది? రేవులో సుంకం వసూలు చేయడం తేలిక. అలాంటి దేశం సుంకాన్ని ఎంచుకుంటే తప్పు పట్టను. కానీ గడువు రాసిపెట్టాల్సిందే, రేటు ఏటా తగ్గాల్సిందే. 1983లో అమెరికా 700 సీసీ దాటిన పెద్ద మోటార్‌సైకిళ్ల దిగుమతి మీద 45 శాతం అదనపు సుంకం వేసింది, ఐదేళ్ల గడువుతో, క్రమంగా తగ్గేలా. 700 సీసీ లోపు ఇంజన్లతో జపాన్ కంపెనీలు కొంత తప్పించుకున్నాయి కాబట్టి అది ఎంత పనిచేసిందన్న దాని మీద వాదనలున్నాయి. అయినా 1987లో, ఇంకా ఏడాది ఉండగానే, ఇక రక్షణ అక్కర్లేదని, దాన్ని కోరిన అమెరికా కంపెనీ హార్లే డేవిడ్‌సనే చెప్పింది.

గడువు లేకపోతే ఏమవుతుందో కూడా అదే దేశంలో చూడొచ్చు. అమెరికా కోళ్ల మీద యూరప్ సుంకం పెంచిందన్న కోపంతో 1964లో చిన్న ట్రక్కుల దిగుమతి మీద 25 శాతం సుంకం వేశారు. కోళ్ల గొడవ ఎప్పుడో పాతబడింది. అరవై ఏళ్లు దాటినా ట్రక్కుల సుంకం మాత్రం రద్దు కాలేదు.