వైఫై కెమెరానా, డీవీఆర్ సెట్టా? ఇంటి నెట్‌కు ఏది మేలు?

హన్మకొండ, కాజీపేట కాలనీల్లో కొత్త ఇల్లు కట్టినవాళ్లు ఇప్పుడు గృహప్రవేశానికి ముందే కెమెరాలు బిగించేస్తున్నారు. దుకాణంలో అడిగేది మాత్రం రెండే: రాత్రి మనిషి ముఖం కనబడుతుందా, ఎన్ని రోజుల రికార్డింగ్ ఉంటుంది? ఆ కెమెరా దారినే బయటివాడు మన ఇంటి నెట్‌లోకి వస్తే ఏంటన్నది ఎవరూ అడగరు.

ముందు డీవీఆర్ సంగతి, అంటే కెమెరాల దృశ్యాలను డిస్కులో రికార్డు చేసే పెట్టె. కో-యాక్సియల్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది) మీద నడిచే కెమెరాలకు నెట్‌తో పనే లేదు. నెట్‌కు తగిలేది డీవీఆర్ ఒక్కటే కాబట్టి కాపాడుకోవలసిందీ ఒక్కటే. నెట్ పోయినా రికార్డింగ్ ఆగదు. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల (ఎంబీపీఎస్) చొప్పున 4 కెమెరాలు రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు దాదాపు 86 జీబీ, అంటే 1 టీబీ డిస్కుకు పదకొండు రోజులు. డాబా మీద కోతులు కేబుల్ పీకకుండా పైపులో వేయించాలి, అదొక అదనపు ఖర్చు.

డీవీఆర్‌కు అసలు ముప్పు దాన్ని బిగించే తీరులో ఉంది. ఫిట్టింగ్‌కు వచ్చిన పిల్లగాడు పని తొందరగా తేలాలని అందరిళ్లకూ ఒకటే పాస్‌వర్డ్ పెడతాడు, తన ఫోన్ నంబర్‌తోనే యాప్‌లో రిజిస్టర్ చేసి మీకు ‘షేర్’ ఇచ్చి పోతాడు. అప్పుడు ఓనర్ అతను, మీరు చుట్టం. ఇంకొందరు రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి లోపలికి దారి తెరిచే సెట్టింగ్) పెట్టి డీవీఆర్‌ను నేరుగా ఇంటర్నెట్ ముందు నిలబెడతారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్), కంపెనీ పెట్టి ఇచ్చిన పాస్‌వర్డ్‌లు మార్చని డీవీఆర్‌లను, కెమెరాలను, రూటర్లను ఇట్లాగే పట్టుకుంది. ఆ అక్టోబర్‌లో వాటితోనే డైన్ (Dyn) అనే డీఎన్‌ఎస్ సంస్థ (సైట్ల పేర్లను వాటి నెట్ అడ్రస్‌లకు కలిపేది) మీద దాడి జరిగి, ట్విట్టర్ లాంటి పెద్ద సైట్లు గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు.

వైఫై కెమెరాకు సాధారణంగా ఈ పోర్ట్ గోల ఉండదు. అదే బయటకు కంపెనీ సర్వర్‌తో మాట్లాడుకుంటుంది. పేరున్న కంపెనీదైతే అప్‌డేట్లు కూడా వస్తాయి. కాబట్టి నిర్లక్ష్యంగా బిగించిన డీవీఆర్ కంటే ఇదే నయం. కానీ భద్రతంతా యాప్ అకౌంట్ మీదే. వేరే సైట్‌లో వాడిన పాస్‌వర్డే ఇక్కడా పెట్టి, అది అక్కడ లీకైతే పడకగది దాకా తలుపు తీసినట్టే. రెండంచెల ఓటీపీ లాగిన్ లేని యాప్ అయితే ఆ కెమెరా కొనకండి. ఇంకో లోపం: వైఫై సిగ్నల్‌ను చెడగొడితే నెట్ తెగి ఫోన్‌కు అలర్ట్ రాదు, కెమెరా ఎత్తుకుపోతే మెమరీ కార్డూ దానితోనే పోతుంది.

సొంత ఇల్లయితే పోర్ట్‌లు తెరవని డీవీఆర్, అద్దె ఇల్లయితే గుమ్మం వైపు ఒక్క వైఫై కెమెరా. నా ఓటు అటే. ఇంట్లో లోపలికి చూసే కెమెరా ఏ రకమైనా వద్దు. ఏది కొన్నా ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ పరీక్షల విభాగం) సర్టిఫికెట్ మోడల్ నంబర్‌తో సహా చూపించమనండి. 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి, పాత స్టాక్‌కు ఆ పరీక్ష జరిగి ఉండకపోవచ్చు.

ఇక దాన్ని ఏ నెట్‌వర్క్‌కు తగిలించాలన్నది కొనడం కంటే ముఖ్యం. వైఫై కెమెరా, స్మార్ట్ ప్లగ్, బల్బు అన్నీ గెస్ట్ నెట్‌వర్క్‌లోకి (రూటర్‌లో అతిథుల కోసం వేరుగా ఉండే వైఫై) పోవాలి. వీటిలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జే పడుతుంది, గెస్ట్‌ను ఆ బ్యాండ్‌లో తెరవండి. తర్వాత ఫోన్‌ను గెస్ట్‌కు కలిపి బ్రౌజర్‌లో 192.168.1.1 (లేదా మీ రూటర్ అడ్రస్) కొట్టండి. లాగిన్ పేజీ వచ్చిందా, ఆ గెస్ట్ పేరుకే గెస్ట్.

డీవీఆర్‌కు ఈ చిట్కా పనిచేయదు. రూటర్ వెనక కేబుల్ గుచ్చే పోర్టులు సాధారణంగా మెయిన్ నెట్‌వర్క్‌లోవే. దీనికి రెండో రూటర్ కావాలి, చాలామంది పొరపడేదీ ఇక్కడే. డీవీఆర్‌ను రెండో రూటర్ వెనక దాస్తారు, కానీ వెనకున్నది ముందున్నదాన్ని మామూలుగా చేరగలదు, ముందున్నది వెనక్కి రాలేదు. అందుకని డీవీఆర్‌ను నెట్ కంపెనీవాళ్లు ఇచ్చిన ఫైబర్ రూటర్‌కే కలపాలి, మీ ఫోన్లు, లాప్‌టాప్ రెండో రూటర్ వెనక ఉండాలి. ఫైబర్ రూటర్ నుంచి వచ్చే కేబుల్‌ను రెండోదాని వాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టులోనే పెట్టండి, లాన్ (ఇంటి పరికరాలకిచ్చే) పోర్టులో పెడితే రెండూ ఒకే నెట్‌వర్క్‌గా కలిసిపోవచ్చు. రెండోదాని అడ్రస్ సిరీస్ కూడా వేరే ఉండాలి, 192.168.50 లాంటిది. మీ ఫోన్లు దీని వెనకే ఉంటాయి కాబట్టి అటక మీది పాత రూటర్ కాకుండా అప్‌డేట్లు వస్తున్నది వాడండి.

రూటర్ వాన్ పేజీలో అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఉమ్మడి అడ్రస్ (నెట్ కంపెనీ చాలా ఇళ్లకు కలిపి వాడేది) మీద ఉన్నట్టు. బయటివాడు ఐపీవీ4లో (పాత తరహా నెట్ అడ్రస్) నేరుగా రాలేడు. ఐపీవీ6 (కొత్త తరహా అడ్రస్) ఉంటే మాత్రం రూటర్ ఫైర్‌వాల్ (బయటివాళ్లను అడ్డుకునేది) ఆన్‌లో ఉందో లేదో చూడాలి. రూటర్‌లో యూపీఎన్‌పీ అనే సెట్టింగ్ ఎట్లాగూ ఆపేయండి, మనల్ని అడక్కుండానే పోర్ట్‌లు తెరిపించేది అదే.

ఫిట్టింగ్ పూర్తయ్యాక డబ్బులిచ్చే ముందే డీవీఆర్‌ను అతని యాప్‌లోంచి తీయించి, మీ నంబర్‌తో మళ్లీ ఎక్కించి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేత్తో మార్చుకోండి. పెట్టె మీది క్యూఆర్ స్టిక్కర్ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఇల్లు మారేటప్పుడు ముందు అకౌంట్ నుంచి డివైస్ తీసేసి, తర్వాత రీసెట్ కొట్టండి. ఆ క్రమం తప్పితే కొన్ని కెమెరాలు కొత్త ఓనర్ ఫోన్‌కు ఎక్కవు.