హోగనా, ఫ్లెయిరా, సావేజా: ఎనభైల రెజ్లింగ్‌లో ఎవరు మేలు?

హల్క్ హోగన్ 2025 జులైలో కన్నుమూసినప్పటి నుంచి పాత పంచాయితీ మళ్లీ రాజుకుంది. ఎనభైల్లో అమెరికా రింగుల్లో ఆడినవాళ్లలో అసలు మొనగాడెవరు? హోగనా, రిక్ ఫ్లెయిరా, రాండీ సావేజా? అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకేసారి చెప్పేస్తా.

మనలో చాలామందికి ఈ పేర్లు ట్రంప్ కార్డుల మీదో, కేబుల్ టీవీలోనో పరిచయం. అందుకే వాదన కూడా కార్డులాట పద్ధతిలోనే సాగుతుంది: ఎత్తెంత, బరువెంత, ఎన్ని బెల్టులు, ఎవరు ఎవరిని కొట్టారు. గెలుపోటములు ముందే తేల్చేసుకునే ఆటలో ఈ లెక్కలకు అర్థం లేదు. ఫ్లెయిర్ 16 సార్లు ఛాంపియన్ అంటే, బెల్టు ఆయన దగ్గర ఉంటే బాగుంటుందని ప్రమోటర్లు 16 సార్లు అనుకున్నారన్నమాట. అంతకుమించి ఏమీ లేదు.

మరి రెజ్లర్ చేతిలో ఉండేదేమిటి? గంట కొట్టిన దగ్గర నుంచి ఎదుటివాణ్ని జనం కళ్లకు ఎలా చూపిస్తాడన్నది. నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇదే. పద్యనాటకంలో దుర్యోధనుడు దీటుగా నిలబడితేనే కృష్ణుడి పద్యానికి వన్స్‌మోర్ పడుతుంది. రెజ్లింగ్‌లో కూడా అంతే.

ముందు హోగన్ సంగతి. డబ్బు, జనం, పేరు, ఈ మూడింట్లో ఆయనకు పోటీ లేదు, వాదించడం కూడా దండగ. 1984 జనవరి 23న మేడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఐరన్ షేక్ మీద గెలిచి తీసుకున్న బెల్టును నాలుగేళ్లు వదల్లేదు. మ్యాచ్ వరస అందరికీ కంఠతా వచ్చు. దెబ్బలు తింటాడు, ఇక పని అయిపోయిందనుకునే వేళకు ఒళ్లు ఊపేస్తూ లేస్తాడు, వేలు చూపిస్తాడు, మూడు గుద్దులు, మొహం మీద బూటు, తాళ్లను తాకి వచ్చి లెగ్‌డ్రాప్ (ఎగిరి కాలితో మీద పడటం). హాలు దద్దరిల్లిపోయేది. కానీ ఆ ఊపంతా హోగన్ ఖాతాలోకే. విలన్ కొట్టిన దెబ్బ ఒక్కటీ పనిచెయ్యలేదని కళ్లారా చూసిన జనం వచ్చే నెల అతణ్ని చూసి ఎందుకు భయపడతారు? కింగ్‌కాంగ్ బండీనే చూడండి. 1986లో రెండో రెజిల్‌మేనియాలో (హోగన్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఏటా పెట్టే పెద్ద షో) హోగన్‌తో ఇనుప బోనులో మెయిన్ ఈవెంట్ ఆడాడు. మరుసటి ఏడాది రెజిల్‌మేనియాకు వచ్చేసరికి పొట్టి రెజ్లర్లతో కలిపి కామెడీ మ్యాచ్‌లో దింపారు.

చేతకాక ఇలా ఆడాడని కాదు. అదే మనిషి జపాన్‌లో ఆడిన మ్యాచ్‌లు చూడండి, కింద పడేసి పట్టే పట్లు, కీళ్లు బిగించే పట్లు అన్నీ వేస్తాడు. 1983లో టోక్యోలో అక్కడి పెద్ద స్టార్ ఇనోకీని ఓడించింది కూడా ఈయనే. అమెరికాలో ఆ అవసరం రాలేదు, అంతే.

భారీకాయుడు ఆండ్రే ద జెయింట్‌ని ఎత్తి కుదేసిన సీన్ గురించి అభిమానులు తప్పకుండా అడుగుతారు. 1987 మార్చి 29, పాంటియాక్ సిల్వర్‌డోమ్ స్టేడియం, మూడో రెజిల్‌మేనియా. జనం 93,173 అని ప్రకటించారు, 78 వేలే అనే వాదన ఇప్పటికీ ఉంది, దాన్ని పక్కన పెడదాం. వెన్ను ఆపరేషన్ అయి, సరిగ్గా నడవడానికే ఇబ్బంది పడుతున్న ఆండ్రే ఆ రోజు తనను ఎత్తనిచ్చాడు. ఎత్తనివ్వకపోతే ఎత్తగలిగే మనిషి లేడు. నా కొలతతో కొలిస్తే ఆ రాత్రి మార్కులు పడాల్సింది ఆండ్రేకే.

అదే రోజు, అదే రింగులో సావేజ్, రికీ స్టీమ్‌బోట్‌తో పదిహేను నిమిషాలకు కాస్త తక్కువ ఆడాడు. తెలిసినవాళ్లు ఈ షోలో హోగన్ మ్యాచ్ కంటే ముందు ఇదే చెబుతారు. అసలు ఈ పంచాయితీ తేల్చడానికి మనకు దొరికిన మంచి సాక్షి స్టీమ్‌బోటే. సావేజ్‌తో, ఫ్లెయిర్‌తో ఇద్దరితోనూ తన బెస్ట్ మ్యాచ్‌లు ఆడినవాడు ఆయన.

సావేజ్ మ్యాచ్ మొత్తాన్ని ముందే కాగితం మీద రాసుకునేవాడు. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి ప్రతి కదలికా రాసి, ఫలానా నంబరు తర్వాత ఏముంది చెప్పు అని ప్రత్యర్థికి పరీక్ష పెట్టేవాడని స్టీమ్‌బోటే చాలాసార్లు చెప్పాడు. అంత టెన్షన్ మనిషి. ఫలితం మాత్రం తెర మీద కనిపిస్తుంది. పిన్ (మూడు లెక్కపెట్టేదాకా భుజాలు నేలకు అదిమి గెలవడం) పడబోయి తప్పిపోయే క్షణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి, ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వరు. ఓడేది సావేజే, చివర్లో చిన్న పట్టుకు దొరికిపోయి.

ఫ్లెయిర్‌ది పూర్తిగా వేరే దారి. 1989లో స్టీమ్‌బోట్‌తో మూడు పెద్ద మ్యాచ్‌లు: ఫిబ్రవరిలో షికాగో, ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్, మేలో నాష్‌విల్. న్యూ ఆర్లీన్స్‌ది మూడింట రెండు ఫాల్స్ పద్ధతి, అంటే ముందు రెండుసార్లు గెలిచినవాడిదే మ్యాచ్, దాదాపు 55 నిమిషాలు. అంతసేపు ఏ కాగితం గుర్తుంటుంది? రింగులోనే, చెవిలో చెప్పుకుంటూ, జనం ఎక్కడ ఊగుతున్నారో చూసుకుంటూ ఆడిన మ్యాచ్ అది. సరిగ్గా అదే రోజు, ఏప్రిల్ 2న, అట్లాంటిక్ సిటీలో హోగన్, సావేజ్ రెజిల్‌మేనియా ఆడుతున్నారు. అక్కడ హాలు కిక్కిరిసింది, ఇక్కడ న్యూ ఆర్లీన్స్‌లో సూపర్‌డోమ్ స్టేడియం చాలావరకు ఖాళీ. వ్యాపారం లెక్కలో ఎవరిది పైచెయ్యో చెప్పక్కర్లేదు.

స్టీమ్‌బోట్ ఎవరితో ఆడినా బాగానే ఆడతాడు కదా, అందులో గొప్పేముంది అంటారా? సరే, స్టింగ్‌ను తీసుకోండి. 1988 మార్చి 27, గ్రీన్స్‌బరో, కేబుల్ టీవీలో ఉచితంగా వేశారు. స్టింగ్‌కు అప్పటికి కండలున్నాయి, మొహాన రంగులున్నాయి, అనుభవం లేదు. ఫ్లెయిర్ అతనితో 45 నిమిషాలు ఆడాడు. జాగ్రత్తగా చూస్తే పనితనం తెలుస్తుంది: స్టింగ్‌కు తెలిసిన నాలుగు దెబ్బలనే తిప్పి తిప్పి కొట్టించుకుంటాడు, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ బెదిరిపోతాడు, మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడిస్తాడు. టైమ్ అయిపోయేసరికి ఫ్లెయిర్ స్టింగ్ పట్టులో విలవిల్లాడుతూ ఉన్నాడు. ఫలితం డ్రా. కానీ మరో అర నిమిషం ఉంటే స్టింగ్ ఛాంపియనే అని చూసినవాళ్లంతా నమ్మారు. ఆ ఒక్క రాత్రితో స్టింగ్ స్టార్ అయిపోయాడు. 1990లో బాల్టిమోర్‌లో బెల్టు కూడా ఫ్లెయిర్ చేతుల మీదుగానే అందుకున్నాడు.

ఇది ఆయన మంచితనం అనుకోకండి, ఉద్యోగమే అది. అప్పట్లో ఎన్‌డబ్ల్యూఏ (ఊరూరి ప్రమోటర్లు కలిసి పెట్టుకున్న సంఘం) ఛాంపియన్ అంటే ఊరూరా తిరిగి, అక్కడి ప్రమోటర్ పెంచుకుంటున్న స్థానిక హీరో చేతిలో ఓడిపోయినంత పనిచేసి, బెల్టుతో బయటపడాలి. తను వెళ్లిపోయాక ఆ హీరో పేరు మీద నెలల తరబడి టికెట్లు తెగాలి. ఒక్కోసారి బెల్టే ఇచ్చేసేవాళ్లు: 1984 మే 6న టెక్సాస్ స్టేడియంలో కెరీ వాన్ ఎరిక్‌కు ఓడి, 18 రోజుల తర్వాత జపాన్‌లోని యోకోసుకాలో తిరిగి తీసుకున్నాడు. పైగా ఆ బెల్టు కోసం ఛాంపియన్ 25 వేల డాలర్ల డిపాజిట్ కట్టాల్సి వచ్చేది. 1991లో ఆ డబ్బు తిరిగి ఇవ్వలేదని ఫ్లెయిర్ బెల్టును చంకన పెట్టుకుని వెళ్లి ఏకంగా పోటీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ టీవీలోనే చూపించాడు. అది వేరే కథ.

ఫ్లెయిర్ మీద గట్టి విమర్శ ఒకటుంది, తోటి రెజ్లర్ బ్రెట్ హార్ట్ కూడా బాహాటంగానే చేశాడు: ఎప్పుడూ ఒకే మ్యాచ్ ఆడతాడని. నిజమే. మూలకు తగిలి తలకిందులై అవతల పడటం, పై తాడెక్కి ప్రతిసారీ విసిరేయించుకోవడం, రెండడుగులు నడిచి మొహం మీద బోర్లా పడటం, వరసగా పది మ్యాచ్‌లు చూస్తే విసుగొస్తుంది. కానీ ఆ పదీ పది ఊళ్లలో జరిగినవి. గ్రీన్స్‌బరోలో చూసినవాడు సెయింట్ లూయిస్‌లో చూడలేదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని వరసపెట్టి చూసేది మనం.

సావేజ్ ఈ కొలతలో ఫ్లెయిర్‌కు బాగా దగ్గరగా వస్తాడు. 1991లో అల్టిమేట్ వారియర్ లాంటి మొరటు మనిషితో గొప్ప మ్యాచ్ ఆడించాడు, 1997లో డైమండ్ డాలస్ పేజ్‌ను తన మీద గెలిపించి పెద్దవాణ్ని చేశాడు. మాటలో, నడకలో, వేషంలో ఫ్లెయిర్‌కు ఏ మాత్రం తీసిపోడు. అయినా రోజుకో ఊళ్లో, రోజుకో కొత్త మనిషితో, రాసుకునే తీరిక లేకుండా గంటసేపు మ్యాచ్ నడిపించమంటే నేను పిలిచేది ఫ్లెయిర్‌నే. ఫ్లెయిర్, సావేజ్, బాగా దూరంలో హోగన్. ఇదీ నా వరస.

అప్పటి మిగతా స్టార్లలో డస్టీ రోడ్స్, రాడీ పైపర్ మైకు పట్టుకుంటే ఈ ముగ్గురికీ సమానమే, రింగులో కాదు. నిక్ బాక్‌వింకిల్ రింగులో మంచి ఆటగాడే, అప్పటికే వయసైపోయింది.

కొత్తగా చూసేవాళ్లు మాత్రం ఫ్లెయిర్ 55 నిమిషాలతో మొదలుపెట్టకండి, నిద్రొస్తుంది. ముందు సిల్వర్‌డోమ్‌లో సావేజ్, స్టీమ్‌బోట్ చూడండి. తర్వాత నాష్‌విల్. అక్కడ ఫ్లెయిర్ గెలవగానే ఆపేయకుండా ఇంకో ఐదు నిమిషాలు ఉండండి, జడ్జీగా కూర్చున్న రెజ్లర్ టెర్రీ ఫంక్ లేచి వచ్చి ఛాంపియన్‌ను బల్ల మీద తలకిందులుగా దించే గొడవ అక్కడే మొదలవుతుంది.