కైరోప్రాక్టిక్ వెల్‌నెస్ కంపెనీలో ఉద్యోగం: లోపలి పని ఎలా ఉంటుంది

కైరోప్రాక్టిక్ అంటే వెన్నును, కీళ్లను చేత్తో నొక్కి, తిప్పి సర్దే వైద్యం. అలాంటి సెంటర్లో చేరేముందు అందరూ జీతం అడుగుతారు, సెలవులు అడుగుతారు. పీవీఏ ఎంత, దాన్ని పెంచే బాధ్యత ఎవరిది అని అడిగేవాళ్లు తక్కువ. ఈ రంగంలో మీ రోజు ఎలా గడుస్తుందో తేల్చేది మాత్రం అదే. పీవీఏ అంటే పేషెంట్ విజిట్ యావరేజ్. ఒక నెలలో జరిగిన మొత్తం విజిట్లను ఆ నెలలో వచ్చిన కొత్త పేషెంట్ల సంఖ్యతో భాగించాలి. 600 విజిట్లు, 25 మంది కొత్తవాళ్లు అయితే 24 వస్తుంది. అంటే ఒక్కో మనిషి సగటున 24 సార్లు వస్తున్నట్టు లెక్క. డాక్టరు తన పనితీరు చూసుకోవడానికి ఈ అంకె వాడుకుంటే తప్పులేదు. దాన్నే ఫ్రంట్ డెస్క్ బోనస్‌కు ముడిపెట్టారంటే, నొప్పి తగ్గినవాళ్లకు "ఇక రానక్కర్లేదు" అని చెప్పే మనిషి ఆ సెంటర్లో మిగలడు.

పనివేళలు చాలామందికి మింగుడుపడవు. పేషెంట్లు ఉద్యోగాలకు వెళ్లేముందు, తిరిగొచ్చాక వస్తారు కాబట్టి చాలా సెంటర్లు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు నడిచి, మధ్యలో రెండు మూడు గంటలు మూసేస్తాయి. ఆ విరామానికి జీతం ఉందా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. కొత్త పేషెంటుకు 45 నిమిషాల నుంచి గంట పడుతుంది, మామూలు విజిట్ 5 నుంచి 15 నిమిషాల్లో అయిపోతుంది. ఈ రెంటినీ ఒకే వరుసలో ఇరికిస్తే సాయంత్రం ఆరుకల్లా వెయిటింగ్ హాలు నిండిపోతుంది, తిట్లన్నీ రిసెప్షన్‌లో ఉన్నవాళ్లే తినాలి. కొత్తవాళ్లను రద్దీ లేని వేళల్లోకి సర్దే సెంటర్ అయితే సగం తలనొప్పి తగ్గినట్టే.

అసిస్టెంట్ పనిలో ఎక్కువ భాగం పేషెంటును పడుకోబెట్టే బల్ల చుట్టూనే. ప్రతి పేషెంటు తర్వాత ముఖం ఆనించే చోట కాగితం మార్చాలి, రెక్సిన్ తుడవాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే. క్రిమిసంహారక ద్రవం డబ్బా మీద రాసినంత సేపు తడిగా ఉండాలి. స్ప్రే చేసి వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తే మరక పోతుంది గానీ క్రిములు చావవు. ఐదు నిమిషాలకో పేషెంటును పడుకోబెట్టే సెంటర్లో డాక్టరుకు ఒకే బల్ల ఉంటే ఆ సమయం దొరకదు. అందుకే బల్లలు ఎన్ని అని చూడాలి.

డ్రాప్ టేబుల్ ఉంటే దాని టెన్షన్ సరిచేయడం నేర్చుకోండి. అందులో ఒక భాగం కొద్దిగా పైకి లేచి, డాక్టరు నొక్కినప్పుడు దబ్బున కిందికి దిగుతుంది. పేషెంటు బరువును బట్టి మర తిప్పుకోవాలి. పడుకున్న బరువుకు పడిపోకూడదు, తేలికపాటి నొక్కుకు పడాలి. వదులుగా ఉంటే ఊపిరి పీల్చినప్పుడే దిగిపోయి పేషెంటు ఉలిక్కిపడతాడు. బిగుతుగా ఉంటే డాక్టరు అవసరానికి మించి బలం వాడతాడు, ఆ దెబ్బ ఇద్దరి ఒంటికీ తగులుతుంది. భారీ మనిషి తర్వాత సన్నని మనిషి వచ్చినప్పుడు మర తిప్పడం మర్చిపోవడమే అసలు సమస్య.

వేడి ప్యాకులను, అంటే వేడినీళ్ల తొట్టిలో ఉంచి తీసి కాపడం పెట్టే మన్ను నింపిన సంచులను, తేలిగ్గా తీసుకోవద్దు. తొట్టిలో నీళ్లు 71 నుంచి 74 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. ప్యాకుకూ చర్మానికీ మధ్య 6 నుంచి 8 పొరల టవల్ ఉండాలి, 15 నుంచి 20 నిమిషాలకు మించకూడదు, ఐదో నిమిషంలో ఒకసారి టవల్ ఎత్తి చర్మం చూడాలి. ఎర్రగా, తెల్లగా మచ్చలు మచ్చలుగా కనిపిస్తే వెంటనే తీసేయాలి. పేషెంటును ప్యాకు మీద పడుకోనివ్వకండి, ఒంటి బరువుకు పొరలు నలిగి కాలుతుంది. వాడిన ప్యాకు మళ్లీ వేడెక్కడానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. తొట్టిలో నీళ్లు తగ్గి ప్యాకు పైభాగం బయటపడితే అది ఎండి పగిలి, లోపలి మన్ను నీళ్లలోకి కారుతుంది. కరెంటు థెరపీ ప్యాడ్లయితే ఎవరివి వాళ్లకే. జిగురు ఎండిన ప్యాడ్ ఒకేచోట సూదిలా గుచ్చుతుంది. తీసేముందు మిషన్ సున్నాకు తేవాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పెట్టనేకూడదు.

ఇవన్నీ నెలరోజుల్లో చేతికి వస్తాయి. కష్టమైనది ఫోన్ దగ్గర ఉంది. నడుము నొప్పి అంటూ ఫోన్ చేసిన మనిషి మాటను ముందుగా వినేది డాక్టరు కాదు, మీరే. నొప్పితోపాటు తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియడం లేదన్నా, మూత్రం రావడం లేదన్నా, తెలియకుండా పోతోందన్నా అపాయింట్‌మెంట్ ఇవ్వకూడదు. వెన్ను చివరి నరాల కట్ట నలుగుతూ ఉండవచ్చు, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లమనాలి. ఇంతకుముందెన్నడూ ఎరగని మెడనొప్పో తలనొప్పో ఉన్నట్టుండి మొదలై, కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం తోడైతే మెడలోని రక్తనాళం గోడ చీలి ఉండవచ్చు. అలాంటి మెడను ఎవరూ తిప్పకూడదు. అడ్జస్ట్‌మెంట్ (డాక్టరు చేత్తో వెన్నునో మెడనో సర్దడం) అయ్యాక బల్ల మీదే ఈ లక్షణాలు కనిపించినా అంతే, ఇంకోసారి తిప్పి చూడటం కాదు, అంబులెన్సుకు ఫోన్ చేయాలి. క్యాన్సర్ చరిత్ర, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఈమధ్య కింద పడటం, ఎముకలు గుల్లబారడం, చాలాకాలంగా స్టెరాయిడ్లు, రక్తం పలచబడే మందులు కూడా డాక్టరుకు ముందే చెప్పాల్సినవే. మంచి సెంటర్లో ఈ జాబితా ఫోన్ పక్కనే అంటించి ఉంటుంది, శిక్షణ మొదటి వారంలోనే దీన్ని కంఠతా పట్టిస్తారు. మొదటి వారమంతా ప్యాకేజీ అమ్మే మాటలే నేర్పించే చోట మీకు భవిష్యత్తు లేదు, పేషెంటుకు భద్రత లేదు.

ఆ అమ్మకం మాటల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో, ఈ వైద్యానికి ఆద్యుడైన డి.డి. పామర్ ఒక మనిషి వెన్ను సర్దితే చెవుడు తగ్గిందన్న కథతో ఈ వైద్యం మొదలైంది. వెన్ను సరిగా ఉంటే సమస్త రోగాలూ దారికొస్తాయన్న ధోరణి కొన్ని వెల్‌నెస్ కంపెనీల్లో ఇప్పటికీ ఉంది. ఆస్తమాకు, రోగనిరోధక శక్తికి, పసిపిల్లల ఏడుపుకు కూడా అడ్జస్ట్‌మెంట్ పనిచేస్తుందని మీచేత చెప్పిస్తారు. చెప్పకండి. నడుము నొప్పికి మాత్రం దీనికి గౌరవమైన స్థానమే ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాలు నడుము నొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగ్గవాటిలో వెన్ను మానిప్యులేషన్‌నూ (చేత్తో వెన్ను సర్దడాన్నీ) చేర్చాయి, దాని వెనకున్న ఆధారం బలం తక్కువేనని కూడా చెప్పాయి. ఆ మాత్రం నిజం చెప్పినా పేషెంట్లు వస్తారు. "టక్‌మన్న చప్పుడుతో ఎముక చోటులో కూర్చుంది" అనడమూ తప్పే. కీలు విడివడినప్పుడు లోపలి ద్రవంలో గ్యాసు బుడగ ఏర్పడటంతో ముడిపడిన చప్పుడది. చప్పుడు రాలేదని పేషెంటు దిగులుపడితే ఈ మాటే చెప్పండి.

మూడు నెలల ప్యాకేజీ పరీక్ష అయ్యాక రాస్తున్నారా, పరీక్షకు ముందే ప్రింటై ఉందా చూడండి. పాతికేళ్ల కుర్రాడికీ, డెబ్బై ఏళ్ల పెద్దావిడకూ అదే 36 విజిట్లు రాస్తుంటే అది వైద్యం కాదు. అందరికీ మొత్తం వెన్ను ఎక్స్‌రే తీయడమూ ఇదే కోవ. నాలుగైదు వారాలకోసారి మళ్లీ పరీక్షించి, ఎంతవరకు వంగగలుగుతున్నారు, నొప్పి ఎంత తగ్గింది అని కొలిచి రాసే సెంటర్లో విజిట్లు వాటంతటవే తగ్గుతాయి. ముందే డబ్బు కట్టినవాళ్లు మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారన్నది కూడా అడగండి. ఆ గొడవ వచ్చేదీ మీ కౌంటరు దగ్గరికే.

నోట్స్ ఏ పూటవి ఆ పూటే పూర్తి కావాలి. నిన్నటి నోట్స్‌ను కాపీ చేసి తేదీ మార్చే అలవాటుంటే, ఎడమ వైపు నొప్పి కుడికి మారినా ఫైల్లో ఎడమే ఉంటుంది. బీమా కంపెనీలు బిల్లు తిప్పిపంపేది ఇలాంటి చోటే.

డాక్టర్లుగా చేరేవాళ్లకు వేరే లెక్కలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాలు పూర్తిస్థాయి శిక్షణకు కనీసం 4,200 గంటలు ఉండాలంటాయి, అందులో 1,000 గంటలు పర్యవేక్షణలో చేసే వైద్యం. అంత చదివి వచ్చినవాళ్ల మణికట్టు, బొటనవేలు, నడుము రద్దీ సెంటర్లలో త్వరగా దెబ్బతింటాయి. పేషెంటును పక్కకు తిప్పి నడుము సర్దే భంగిమ అన్నిటికంటే భారం. ఎత్తు మార్చుకునే బల్ల లేకపోతే పొట్టివాళ్లకు భుజాలు, పొడుగువాళ్లకు నడుము పోతాయి. కాంట్రాక్టులో రెండు చోట్ల ఆగి చదవండి. మానేశాక ఎంత దూరంలో, ఎంతకాలం ప్రాక్టీసు పెట్టకూడదన్న షరతు ఒకటి. మీరు వెళ్లిపోయాక పాత పేషెంటు కేసు వేస్తే బీమా వర్తిస్తుందా, లేదంటే ఆ అదనపు ప్రీమియం ఎవరు కట్టాలి అన్నది రెండోది.

మనుషులతో ఓపిగ్గా మాట్లాడేవాళ్లకు, నొప్పితో వంగి వచ్చినవాళ్లు నిటారుగా నడిచి వెళ్తుంటే సంతోషపడేవాళ్లకు ఇది మంచి ఉద్యోగమే. ఆఫర్ ఒప్పుకునే ముందు ఒక సాయంత్రం రద్దీవేళ రెండు గంటలు చూసే అవకాశం అడగండి. ఆ రెండు గంటల్లో బల్ల ఎంతసేపు తడిగా ఉంటోందో, ఎవరినైనా వేరే డాక్టరు దగ్గరికి పంపారో లేదో, నొప్పి తగ్గిందన్న పేషెంటుకు డెస్క్ దగ్గర ఏం సమాధానం వచ్చిందో గమనించండి. చూడటానికి ఒప్పుకోకపోతే, ఎందుకని అడగండి.