రీలోడింగ్ పాత సెట్ కొనేవాళ్లూ, "ఫ్రీగా ఇస్తున్నా" అన్నవాటితో జాగ్రత్త

తూటాలు సొంతంగా రీలోడ్ చేసుకోవడం (పేలిన తూటా కేసులో మళ్లీ పౌడర్, గుండు నింపుకోవడం) మొదలుపెడదామని సెకండ్ హ్యాండ్ సెట్ కోసం వెతుకుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. "కొత్తవాళ్లకు కావాల్సినవన్నీ ఒకే పెట్టెలో, పౌడర్ కూడా ఫ్రీ" అన్న ప్రకటన చూసి నేనొకటి తీసుకున్నాను. ప్రెస్ (కేసుని డైలోకి నొక్కే యంత్రం), డైలు (కేసుకి ఆకారమిచ్చే అచ్చులు), డిజిటల్ కాటా, ఒక సంచీడు రైఫిల్ కేసులు (తూటా ఇత్తడి గొట్టాలు), సగం వాడిన పౌడర్ డబ్బా, పైగా అమ్మినతను తానే నింపిన కొన్ని తూటాలు.

ప్రెస్‌కి వంక పెట్టడానికి లేదు. పోత ఇనుముతో చేసిన సింగిల్ స్టేజ్ ప్రెస్ (ఒకసారికి ఒకే పని చేసేది), హ్యాండిల్ ఎక్కడా ఊగడం లేదు. డైల మీద తుప్పు పైపైనే ఉంది, నూనె గుడ్డతో తుడిస్తే పోయింది. ఇనుప సామాను పాతదైనా పర్వాలేదు, కొత్త ధర పెట్టక్కర్లేదు. తంటా అంతా మిగతావాటితోనే.

ముందు పౌడర్ సంగతి. డబ్బా కంపెనీదే, లేబుల్ కూడా స్పష్టంగా ఉంది. ఆ లేబుల్ ప్రకారం అది రైఫిల్ పౌడర్, సన్నటి పుల్లల ముక్కల్లా ఉండాలి. తెల్లకాగితం మీద కొంచెం ఒంపి చూస్తే పుల్లల మధ్య బల్లపరుపు రేకులు కూడా కనిపించాయి. అంటే వేరే పౌడర్ ఏదో ఇందులో కలిసింది. పౌడర్ కొలిచే మెషర్‌లో మిగిలినది మళ్లీ డబ్బాలో పోసేటప్పుడు డబ్బా మారిపోయి ఉంటుందని నా అనుమానం. రేకుల పౌడర్లలో చాలావరకు పిస్టల్‌కీ షాట్‌గన్‌కీ వాడేవి, చాలా వేగంగా మండుతాయి. అలాంటిది రైఫిల్ కొలతలో పడితే ఛాంబర్లో (తుపాకీలో తూటా కూర్చునే చోట) ఒత్తిడి ఎక్కడిదాకా పోతుందో ఎవరూ చెప్పలేరు. నా డబ్బాలో రెండూ వేర్వేరు ఆకారాలు కాబట్టి దొరికిపోయింది. రెండూ పుల్లలే అయ్యుంటే? కంటితో చూసి పౌడర్ రకం గుర్తుపట్టడం నిపుణులకే కుదరదు. సీలు ఊడిన డబ్బా ఎంత తెలిసినవాళ్లు ఇచ్చినా తీసుకోకండి, ఊరికే ఇచ్చినా సరే.

తర్వాత కేసులు. "ఒక్కసారి పేలినవే" అని చెప్పి వాటికి విడిగా డబ్బు తీసుకున్నాడు. టంబ్లర్లో (కేసులు తోమే యంత్రంలో) వేసి బంగారంలా మెరిపించాడు, అదే కళ్లకు గంతలు కట్టింది. వెలుతురులో తిప్పి చూస్తే కొన్నిటికి అడుగుకు కాస్త పైన, చుట్టూ ఒక పలుచని గీత ఉంది. పేపర్ క్లిప్ సాగదీసి, కొన దగ్గర చిన్న కొక్కెంలా వంచి, కేసులోకి దించి లోపలి గోడ వెంబడి పైకి లాగాను. సరిగ్గా ఆ గీత దగ్గర టక్కున ఆగింది. లోపల ఇత్తడి సాగి సాగి అక్కడ గాడి పడిందన్నమాట. ఇక ఎప్పుడైనా పేల్చినప్పుడు కేసు అక్కడే రెండుగా తెగి, వేడి గ్యాసు మన ముఖం వైపు తన్నే ప్రమాదం ఉంది. మరికొన్నిటిలో కొత్త ప్రైమర్ (పౌడర్‌కి నిప్పంటించే చిన్న బిళ్ల) అసలు బిగుతే లేకుండా జారిపోయి కూర్చుంది. ప్రైమర్ కూర్చునే పాకెట్ అంత వదులయ్యిందంటే అవి ఎన్నిసార్లు పేలాయో మీరే ఊహించుకోండి. వీటి మధ్య బెర్డన్ అనే వేరే రకం ప్రైమర్ కేసులూ దొర్లాయి. వాటి అడుగున మధ్యలో ఒక రంధ్రం ఉండదు, పక్కలకు రెండు చిన్నవి ఉంటాయి. చూసుకోకుండా డైలో పెడితే పాత ప్రైమర్‌ని బయటికి తోసే డీక్యాపింగ్ పిన్ విరగడం ఖాయం. కొనేముందు టార్చ్ వేసి లోపలికి చూస్తే తెలిసిపోతుంది.

కాటా ఇంకా మోసం. దాంతో వచ్చిన 20 గ్రాముల తూకపు రాయి పెడితే 308.6 గ్రెయిన్లు (పౌడర్ తూచే చిన్న కొలమానం) చూపించాలి. చూపించింది కూడా. కాసేపు అలాగే ఉంచితే అంకె తనంతట తానే పాకుతూ 309 దాటింది. రాయి తీశాక సున్నాకి రాకుండా అర గ్రెయిన్ దగ్గర నిలబడింది. అర గ్రెయిన్ అంటే సుమారు 32 మిల్లీగ్రాములు, ఏ లెక్కలోకి వస్తుంది అనిపిస్తుంది. కొన్ని పిస్టల్ తూటాలకు పట్టే పౌడరే మొత్తం కలిపి నాలుగైదు గ్రెయిన్లు, అందులో అర గ్రెయిన్ అంటే కనీసం పదో వంతు! అమ్మేవాళ్లు ఆన్ చేసి ఒక్క క్షణం అంకె చూపిస్తే తృప్తిపడకండి. పది నిమిషాలు ఆన్‌లోనే ఉంచమనండి, రాయి పెట్టి తీసి, మళ్లీ పెట్టి చూడండి.

అతను నింపిచ్చిన తూటాల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఏ పౌడరో, ఎంత వేశాడో రాసిన చీటీ లేదు. ఇంకొకరు నింపిన తూటా మన తుపాకీలో పెట్టకూడదు, అంతే.

డబ్బు వెనక్కి అడిగితే "ఫ్రీగా ఇచ్చినదానికి గ్యారంటీ ఏంటండీ" అన్నాడు. కేసుల డబ్బు సంగతేంటని అడిగాక ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇప్పుడు అలాంటి ప్రకటనే మళ్లీ పెట్టాడు, ఈసారి ఫోటోలో పౌడర్ డబ్బా లేబుల్ గోడవైపు తిరిగి ఉంది. మీరున్నచోట రీలోడింగ్‌కి చట్టం ఒప్పుకుంటుందో లేదో కనుక్కుని, తీసుకోవాలనిపిస్తే ప్రెస్, డైలకు మాత్రమే బేరమాడండి.